వెర్నా వెలిగించని ఎర్రదీపం

మైకు తీగ మీద వెడల్పాటి టేపు అంటిస్తూ వెర్నా ట్విచెల్ సమావేశపు గదిలో మోకాళ్ళ మీద పాకుతోంది. ఎవరి కాలైనా తగిలి పడితే ఆ నింద కూడా తన నెత్తికే వస్తుందని ఆమెకు తెలుసు. అరవై దాటిన మోకాళ్ళు పటుక్కుమన్నాయి. ఎడారి గాలికి పగిలిన లావుపాటి చేతులతో కుర్చీ పట్టుకుని లేచి, ఆ కుర్చీని మళ్ళీ వరసలోకి జరిపింది. పొట్టి మనిషి, బరువైన భుజాలు, ఎప్పుడూ ఎవరికో దారి ఇస్తున్నట్టు కాస్త పక్కకు వంగిన నడక. ఆమె పక్కనుంచి ఇరవై ఏళ్ళు నడిచినవాళ్ళకు కూడా ఆమె కళ్ళు ఏ రంగో తెలియదు.

కౌంటీ, అంటే ఆ జిల్లా, ఎన్నికల ఫలితాలకు దాన్ని పాలించే కమిషనర్లు ఇవాళ ఆమోదముద్ర వేయాలి. అంతకుముందు జనం మాట్లాడతారు. మనిషికి మూడు నిమిషాలు. వెర్నా బల్ల మీద మూడు దీపాల పెట్టె ఒకటుంది. మాట మొదలైతే పచ్చదీపం, గడువు దగ్గరపడితే పసుపు, అయిపోతే ఎరుపు, దానితోపాటు చెవులు చిల్లులు పడే మోత. గడియారం చూసి మీట నొక్కేది వెర్నా. తనను తిట్టేవాళ్ళకు పూర్తిగా మూడు నిమిషాలూ తిట్టే అవకాశం ఇవ్వడం ఆమె ఉద్యోగంలో భాగం.

రెండేళ్ళ కిందట దేశాధ్యక్షుడి ఎన్నికలో ఈ కౌంటీ తనకు నచ్చిన మనిషికి అయిదింట నాలుగు ఓట్లు వేసింది. ఆయన దేశం మొత్తం మీద ఓడిపోయాడు. అంతే, ఇక్కడి యంత్రాలు కూడా దొంగవే అన్నారు. తాము గెలిచినచోట కూడా మోసం జరిగిందని గగ్గోలు పెట్టిన ఊరు ఇంకోటి ఉంటుందా! దున్నపోతు ఈనిందని ఒకడంటే దూడను కట్టెయ్యడానికి ఊరంతా తాళ్ళు పట్టుకుని పరిగెత్తింది. ఎన్నికలు నడిపే క్లర్కు, జనం ఓట్లేసి ఎన్నుకున్న అధికారి, విసిగిపోయి రాజీనామా ఇచ్చి అన్నగారి ఊరు వెళ్ళిపోయింది. ఆమె సహాయకురాలు వెర్నా మిగిలింది కాబట్టి దొంగ వెర్నాయే అయింది. చర్చిలో ఆమె కూర్చునే బల్ల మీద అటూ ఇటూ ఖాళీ. కూరగాయల కొట్టులో పలకరించాల్సి వస్తుందని జనం సరుకుల తోపుడుబళ్ళు పక్క వరసలోకి తిప్పుకునేవారు.

ఆ క్లర్కు కుర్చీకే పోటీ చేశాడు టైర్ల కొట్టు లమార్ స్టౌట్. దొంగల చేతిలోంచి ఓటును కాపాడతానన్నాడు. ఆ దొంగ యంత్రాలే ఈ నెల అతన్ని గెలిపించాయి. ఈసారి లెక్క మీద అతనికి ఏ అనుమానమూ రాలేదు.

సమావేశానికి ముందు లమార్ టోపీ చేత్తో పట్టుకుని ఆమె బల్ల దగ్గరకు వచ్చాడు. భారీ మనిషి, ఎండకు కందిన మెడ, రబ్బరు నలుపు వదలని గోళ్ళు.

"జనవరిలో నేనొచ్చాక నువ్వుండాలి వెర్నా. ఆ మిషన్లు ఆన్ చెయ్యడం కూడా నాకు రాదు."

"రానివాడివి ఎందుకు నిలబడ్డావు?"

"గెలుస్తాననుకున్నానా ఏంటి!" అని నవ్వాడు.

వెర్నా నవ్వలేదు. "ఉంటాను. కానీ ఇవాళ మైకు దగ్గర ఒక్క మాట చెప్పాలి. పోయినసారి లెక్క సరైనదే, వెర్నా ఏ ఓటూ దొంగిలించలేదు అని. అందరి ముందూ."

"అంతేనా? చెప్తాలే. ఆ సంగతి నాకు తెలీదనుకున్నావా?"

అంటే తెలుసన్నమాట. తెలిసే రెండేళ్ళూ ఆమెను దొంగని ఊరంతా ఊరేగించాడు. వెర్నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా ఆమెకు అతని క్షమాపణ అక్కర్లేదు, జీతం పెంపూ అక్కర్లేదు. ఆ ఒక్క మాట అతని నోట ఊరు వింటే చాలు. తాను చెబితే ఎవరూ నమ్మరు, అతను చెబితే నమ్ముతారు. అబద్ధం చెప్పినవాడి చేతే నిజం చెప్పించాల్సి రావడం ఎంత దరిద్రమో!

గది నిండింది. మొదట జోలీన్ లేచింది. వెర్నాకు నెలనెలా జుట్టు కత్తిరించేది ఆమే. కత్తెర పట్టుకున్నప్పుడు పిల్లల కబుర్లన్నీ చెబుతుంది, మైకు పట్టుకుంటే పూనకం వస్తుంది.

"ఆ డబ్బాల్లో ఏం జరుగుతుందో మాకెవరు చూపించారు? ఆ మూల కూర్చున్నావిడకి తప్ప ఎవరికీ తెలీదు!"

మిషన్లను పరీక్షించే రోజున రమ్మని పేపర్లో వేయించిందీ, గుమ్మానికి అంటించిందీ వెర్నాయే. వచ్చింది కుక్కతో ఒక ముసలాయన, అదీ చలి కాచుకోవడానికి. ఉద్యోగులు అక్కడ మాట్లాడకూడదు. వెర్నా పెదవి కొరుక్కుని పచ్చదీపం తరవాత పసుపు, పసుపు తరవాత ఎరుపు వెలిగించింది.

తరవాత లమార్. పచ్చదీపం వెలిగింది. అతను దేవుడికి కృతజ్ఞతలు చెప్పాడు, భార్యకు చెప్పాడు, తన ప్రచారం బోర్డు నిలబెట్టుకోనిచ్చిన ప్రతి పొలం యజమానికీ చెప్పాడు. పసుపు వెలిగింది. దాన్ని చూసి అతను నెమ్మదించాడు. నీళ్ళు తాగాడు. "ఇక పోయినసారి ఎన్నికల విషయానికొస్తే..." అని గొంతు సవరించుకుని, ఎర్రదీపం కోసం పెట్టె వైపు చూశాడు.

వెర్నాకు అప్పుడర్థమైంది. మోత మోగితే చాలు, చెప్పబోయాను గానీ టైము అయిపోయిందని తప్పించుకుంటాడు. గడియారం ముల్లు గడువు దాటింది. ఆమె వేలు మీట మీదే ఉంది. నొక్కలేదు.

లమార్ దీపాన్ని చూశాడు, వెర్నాను చూశాడు, మళ్ళీ దీపాన్ని చూశాడు. అతని మెడ ఇంకా ఎర్రబడింది. చెప్పు, చెప్పు, అని వెర్నా లోపల్లోపల బతిమాలుకుంది. అతని నోరు తెరుచుకుంది.

"పోయినసారి... అనుమానాలు రావడం తప్పు కాదు. అడగడం మన హక్కు. అంతే నేను చెప్పేది."

చప్పట్లు మోగాయి. ఆ చప్పట్ల మధ్య జోలీన్ లేచి నిలబడింది.

"గడియారం చూశారా! నాకు ఠంచనుగా మోగించింది, ఆయనకి మోగించలేదు! రేపు తనకి పైఅధికారి అవుతాడనే కదా!"

కమిషనర్ల అధ్యక్షుడు ఎచెవెరీ కళ్ళజోడు తీసి అడిగాడు. "వెర్నా, టైము దాటిందా?"

"దాటింది. తప్పు నాదే."

నిజంగానే ఆమెదే. ఇన్నేళ్ళ ఉద్యోగంలో చేసిన ఒకే ఒక్క అక్రమం అది. లేని దొంగతనం కోసం రెండేళ్ళు వెతికినవాళ్ళకు చివరికి ఆమె తన చేతులతోనే ఒకటి ఇచ్చింది. అది కూడా ఎవరి కోసం!

లమార్ కూర్చున్నచోటు నుంచి గట్టిగా అన్నాడు. "జనవరి నుంచి ముందా గడియారాన్ని తనిఖీ చేయిస్తా!"

గది గొల్లున నవ్వింది. ఎచెవెరీ కూడా నవ్వు దాచుకోలేకపోయాడు. ఫలితాలకు ఏ అభ్యంతరమూ లేకుండా ఆమోదం దొరికింది.

ఆమోదం రోజున ఆఫీసులో ఎవరికి వాళ్ళు ఒక వంటకం తెచ్చి అందరూ కలిసి తినడం ఆనవాయితీ. వెర్నా ఈసారి చావు ఇళ్ళకు పట్టుకెళ్ళే బంగాళాదుంపల వంటకం గాజు గిన్నె నిండా తెచ్చింది. వెన్న, జున్ను, పైన కరకరలాడే మొక్కజొన్న అటుకులు. "ఎవరు పోయారు వెర్నా?" అని పన్నుల విభాగం అమ్మాయి వేళాకోళమాడింది. ఆమెను దొంగ అన్నవాళ్ళెవరూ ఆమె వంట దగ్గర అనుమానాలు పెట్టుకోలేదు. జోలీన్ అంచులు గోకి మరీ వడ్డించుకుంది.

లమార్ మూడోసారి పెట్టుకున్న పళ్ళెంతో వెర్నా బల్ల దగ్గరకు వచ్చాడు.

"సరదాకన్నాలే. మనసులో పెట్టుకోకు. చెప్దామనే లేచాను, ఒట్టు. టైము చాల్లేదు."

"టైము నేనిచ్చాను లమార్. నీకు చాలనిది టైము కాదు."

ఆమె సొరుగులోంచి ఆఫీసు తాళాలు తీసి అతని పళ్ళెం పక్కన పెట్టింది. మిగిలిన సెలవులన్నీ ఇవాళ్టి నుంచే వాడుకుని ఉద్యోగం మానేస్తానని ఎచెవెరీకి అప్పుడే చెప్పి వచ్చింది.

"అదేంటి? మరి నాకెవరు నేర్పుతారు?"

"దొంగల్ని పట్టుకోవడానికొచ్చినవాడికి దొంగ నేర్పేదేముంది?"

వెర్నా కోటు బొత్తాలు నెమ్మదిగా పెట్టుకుంది. ఎవరూ ఆపలేదు. రెండోసారి వడ్డించుకునే హడావిడిలో ఆమె వెళ్ళడం చాలామంది చూడనే లేదు. ఆమె కారు జిప్సం గని రోడ్డు మీదికి తిరిగి, తెల్లటి దుమ్ములో కలిసిపోయింది.

ఆ ఊళ్ళో పరాయివాళ్ళ గిన్నెను ఖాళీగా పంపరు. కడిగి, అందులో ఏదో ఒకటి పెట్టి, వాళ్ళ గుమ్మం దాకా వెళ్ళి చేతికివ్వాలి. జనవరిలో లమార్ కుడిచెయ్యెత్తి ప్రమాణం చేసిన రోజుకు కూడా ఆ పని ఎవరూ చేయలేదు. ఆఫీసు వంటింటి తొట్టి పక్కన ఆ గాజు గిన్నె బోర్లించి ఉంది, అడుగున అంటించిన టేపు మీద నీలం సిరాతో వెర్నా ట్విచెల్ అన్న పేరు ఎవరైనా చదవగలిగేంత స్పష్టంగా.