ముల్లు మొదట్లో మొగ్గ

ఆ ఆదివారం చేయాల్సినవి: నానబెట్టిన దుప్పట్లు ఉతకడం, మామగారి మందులు డబ్బాలో సర్దడం, ఆడపడుచు పిల్లలతో భోజనానికి వస్తోంది కాబట్టి వంట రెట్టింపు చేయడం, మా ఆయన చొక్కాలు ఇస్త్రీ చేయడం, పొయ్యి కడగడం. ఇవన్నీ అయ్యాక, ఓపిక మిగిలితే, నా మొక్కను చూసుకోవడం.

దాన్ని మొక్క అంటే మా ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు. "కోడలు కంపకు కాపలా కాస్తోందమ్మా" అని అత్తగారు ఫోన్లో కూతురికి చెప్పి నవ్వుతారు. మా పుట్టింట్లో డిగ్రీ ముఖం చూసిన మొదటి మనిషిని నేనే. చదువుకున్న పిల్ల కావాలని ఏరి చేసుకున్నవాళ్ళే, ఆ చదువుతో పరిశోధన తోటలో నేను చేసే ఉద్యోగాన్ని మట్టి పిసకడం అంటారు. ఈ ముళ్ళ పొద పెరిగే ఒకే ఒక్క గుట్టను క్వారీవాళ్ళు పిండి చేసేశారు. మాకు తెలిసినంతలో మిగిలినవి రెండు. ఒకటి తోటలో, ఒకటి మా పెరట్లో కుండీలో. ఒకదాని పుప్పొడి రెండోదానికి అంటితేనే గింజ కడుతుంది. పువ్వేమో తెల్లవారుతూ విచ్చి, ఎండెక్కేసరికి వాడిపోతుంది. సరిగ్గా నేను పొయ్యి దగ్గర ఉండాల్సిన వేళ. పోయిన ఏడు ఆ వేళకు తోటకు వెళ్తానంటే "మరి టిఫినెవరు పెడతారు?" అన్నారాయన. నేనే పెట్టాను. పువ్వులు రాలిపోయాయి. ఈసారి రెండు మొక్కలూ ఒకేసారి మొగ్గ తొడిగాయి. సోమవారానికి విచ్చుకునేలా ఉన్నాయి.

నేను కూరలు తరుగుతుంటే పెరట్లోంచి ఆయన కేకేశారు. "ఒకసారి ఇలా రా, నీకో బహుమతి!"

చేతిలో చిన్న కత్తెరతో, మొహం వెలిగిపోతూ నిలబడి ఉన్నారు. "పిల్లలకు గుచ్చుకుంటాయని పొద్దుట్నుంచీ కూర్చుని ఒక్కో ముల్లూ కత్తిరించా. చూడు, ఇప్పుడెంత బుద్ధిగా ఉందో!"

ఈ పొదకు మొగ్గ పుట్టేది ముల్లు మొదట్లోనే, దాన్ని ఆనుకుని. నున్నగా రావాలని బెరడు దాకా కత్తిరిస్తే మొగ్గ కూడా తెగుతుంది. కింద పరిచిన కాగితం మీద ముళ్ళూ మొగ్గలూ కలిసి కుప్పగా ఉన్నాయి.

"మొగ్గలు..." అన్నాను.

"ఏం మొగ్గలు? ముళ్ళు తీస్తే మొహం అలా పెడతావేంటి? నీ కోసమేగా చేసింది!"

"పెళ్ళాం మొక్కకు సేవ చేశాడమ్మా నా కొడుకు. మాకెక్కడిదీ భాగ్యం!" అన్నారు అత్తగారు.

"కనీసం థాంక్సయినా చెప్పు వదినా" అంది అప్పుడే పిల్లలతో దిగిన ఆడపడుచు.

చెప్పాను. అందరి మీదా ఉన్న కోపం ఒక ఎత్తు, ఆ మాట అన్న నా నోటి మీద కోపం ఒక ఎత్తు. అడుగుకొకసారి "నీ కోసమే" అంటూ నాలో ఏది కాస్త గరుకుగా కనిపిస్తే దాన్ని చెక్కుతూనే ఉన్నారు. నేను థాంక్స్ చెబుతూనే ఉన్నాను. ఆ తర్వాత అందరికీ వడ్డించాను కూడా.

సాయంత్రం గిన్నెలు కడిగాక వెళ్ళి చూశాను. గోడవైపు కత్తెర అందని ఒక కొమ్మకు ముళ్ళున్నాయి, మొగ్గలూ ఉన్నాయి. వెంటనే అక్కకు ఫోన్ చేశాను. తోటలో నా సీనియరు. క్వారీవాళ్ళు బాంబులు పెట్టకముందే ఆ గుట్టెక్కి, ఈ రెండు మొక్కలనూ వేళ్ళతో సహా తవ్వి తెచ్చింది ఆవిడే. రెండో కాన్పు తర్వాత ఇంట్లోవాళ్ళు ఉద్యోగం మాన్పించేశారు. వెళ్తూ వెళ్తూ, "సెలవులొస్తే ఇక్కడ నీళ్ళు పోసేవాళ్ళుండరే, దీన్ని నువ్వు తీసుకెళ్ళు" అని కుండీ నా చేతిలో పెట్టింది.

"అక్కా, కొన్ని మొగ్గలు మిగిలాయి. రేపే విచ్చేది!"

"నిజంగానా?" గొంతు తగ్గించింది. "బ్రష్షు తడిగా ఉండకూడదే. పుప్పొడి ముద్దయిపోతుంది..."

వెనక నుంచి మగ గొంతు. "ఎవరే ఫోన్లో? టీ ఏదీ?"

"ఎవరూ కాదండీ, రాంగ్ నంబరు." పెట్టేసింది.

మర్నాడు తెల్లవారుతూనే కుండీ చంకనేసుకుని తోటకు బయల్దేరాను. ఆయన నోట్లో బ్రష్షుతో గుమ్మంలోకి వచ్చారు.

"ఎక్కడికి? మరి టిఫినో?"

"వంటిల్లు ఎక్కడుందో మీకు తెలుసుగా."

"ఆ కంపను మళ్ళీ ఇంటికి తెస్తావా?"

"తేను."

సాయంత్రం నేను వస్తానో రానో ఆయన అడగలేదు. అప్పటికి నేనూ తేల్చుకోలేదు.

ఆ పొద్దున రెండు మొక్కల పువ్వులకూ నా చేత్తోనే పుప్పొడి అద్దాను. గింజ కట్టింది. తోటలో బోర్డు పెట్టారు, కాపాడినవారుగా డైరెక్టరుగారి పేరు రాశారు. అక్క పేరు మాటేమిటని అడిగితే, "మానేసినవాళ్ళ పేర్లెందుకమ్మా" అన్నారు డైరెక్టరుగారు. మీరెప్పుడైనా అటు వస్తే బోర్డు చదవకపోయినా ఫర్వాలేదు. గుట్ట పేలిపోకముందే ఎక్కి, చేతులు చీరుకుపోతున్నా వీటిని బతికించి తెచ్చిన మనిషి, మొగుడు వింటాడని నన్ను రాంగ్ నంబరన్న మనిషి, ఆవిడను ఒక్కసారి తలచుకోండి.