కరియ ముంగాలు

రెండు వేల ఇరవై నాలుగు నవంబరు పదిహేడు, ఆదివారం. ఆ పొద్దున నేను తిన్నది ఒక జొన్నరొట్టె, దాని మీద బుడ్డల పొడి, అదే వేరుశనగ పొడి, కాస్త నూనె. కుక్క ఆపరేషన్ కోసం వచ్చిన ఎల్లమ్మ గుడ్డలో కట్టి తెచ్చింది. "ఖాళీ కడుపుతో కత్తి పట్టగూడదు సార్, తినండి" అని క్లినిక్ మెట్ల మీద నిలబెట్టి తినిపించినంత పని చేసింది. నా భార్య వీణ పోయిన తర్వాత, తిన్నావా అని అడిగి చేతిలో పెట్టినవాళ్లు తక్కువ. అందుకే ఆ రొట్టె గుర్తుంది. ఆ తర్వాత నేను చేసిన పని వల్ల ఇంకా బాగా గుర్తుంది.

నేను ఆదోనిలో పశువుల డాక్టర్ని. వయసంతా ఎద్దులతో, గేదెలతో, గొర్రెలతో గడిచింది. ఈమధ్య టౌన్లో కుక్కలను, పిల్లులను పెంచేవాళ్లు ఎక్కువయ్యారు. బండ్ల కింద పడి కాళ్లు విరిగినవి వస్తాయి. ఎముక మధ్యలో విరిగితే కట్టు కట్టేవాణ్ని. కీలు దగ్గర విరిగితే మాత్రం "ఇంతే, కుంటుతుంది" అని చెప్పి పంపేవాణ్ని. అది విన్నప్పుడు వాళ్ల ముఖాలు చూడలేక, ఆ సంవత్సరం బెంగళూరులో కుక్కల, పిల్లుల ఎముకలకూ కీళ్లకూ చేసే ఆపరేషన్ల మీద ట్రైనింగు పెడితే పోయాను.

అక్కడ అందరూ నా కన్నా చిన్నవాళ్లే. మొదట ప్లాస్టిక్ ఎముకల మీద, తర్వాత చచ్చిపోయిన కుక్కల కాళ్ల మీద డ్రిల్లు పట్టించారు. నా పక్క బల్ల దగ్గర శరణ్య. చదువుకునే రోజుల్లో నా క్లినిక్‌కి పని నేర్చుకోవడానికి వచ్చిన పిల్ల, ఇప్పుడు ఎమ్మిగనూరులో తనే క్లినిక్ పెట్టుకుంది. నేర్పే ఆయన రోజూ ఒకే మాట చెప్పేవాడు: స్క్రూ బిగించాక ముందు నుంచి ఒక ఎక్స్‌రే, పక్క నుంచి ఒక ఎక్స్‌రే తీయండి, రెండూ చూడకుండా కుక్కను బల్ల మీంచి దించకండి. ఒక్క వైపు నుంచి చూస్తే స్క్రూ ఎంత చక్కగా కనబడినా నమ్మవద్దనేవాడు.

చివరి రోజు శరణ్య అంది: "సార్, కీలు కేసు మొదట ఎవరికొచ్చినా రెండోవాళ్లను పిలవాల. ఒకరి చేతులు, ఇంకొకరి కండ్లు. సరేనా?"

సరే అన్నాను.

ఊరికి వచ్చేసరికి శేషప్ప మా వీధి మలుపులో ఫ్లెక్సీ కట్టించి ఉన్నాడు. శేషప్ప పత్తి వ్యాపారి, నాతో చదువుకున్నవాడు. నా బొమ్మ, చేతిలో ఎవరిదో కుక్కపిల్ల, కింద 'కీళ్ల శస్త్రచికిత్సలో ఉన్నత శిక్షణ పొంది విచ్చేసిన డాక్టర్ గురురాజ గారికి స్వాగతం' అని పెద్ద అక్షరాలు. "ఏందప్పా ఇది, తీసెయ్" అన్నాను. కానీ ఆ వారమంతా పని లేకపోయినా స్కూటరు ఆ మలుపు మీదుగానే పోనిచ్చాను. వీణ ఉండుంటే పట్టేసి నవ్వేది.

ఆ ఫ్లెక్సీ చూసే జయన్న వచ్చాడు. పెద్దకడుబూరు పక్క ఊరు, గొర్రెలు కాచే మనిషి. ఎల్లమ్మ అతని భార్య. వాళ్ల కుక్క కరియ, ఏడాది కూడా నిండనిది, పత్తి ట్రాక్టరు మీంచి దూకి ముంగాలు విరగ్గొట్టుకుంది. ఎక్స్‌రే తీస్తే సరిగ్గా మోచేతి కీలులోనే ఎముక చీలి బయటి ముక్క పక్కకు జరిగి ఉంది. రెండు ముక్కలనూ కలిపి అడ్డంగా ఒక స్క్రూ బిగించాలి. స్క్రూ కొంచెం కిందికి దిగినా కీలులోకి పోతుంది.

ఫోను తీసి శరణ్య నంబరు వెతికాను. అంతలో సంగతి ఎవరి ద్వారానో విని శేషప్పే ఫోను చేశాడు. "మొదటి ఆపరేషన్ కదప్పా, శాలువా కప్పాల్సిందే. మనోళ్లను పిలుస్తాండా." నా దగ్గర పని నేర్చుకున్న అమ్మాయిని పిలిచి, ఆమె పక్కన నిలబడి శాలువా కప్పించుకోవడం ఊహించుకున్నాను. ఫోను జేబులో పెట్టేశాను.

ఆ ఆదివారం ఆపరేషన్ బాగానే జరిగిందనుకున్నాను. పక్క నుంచి ఎక్స్‌రే తీస్తే పుస్తకంలో బొమ్మలా ఉంది. ముందు నుంచి కూడా తీయాలి. మత్తు దిగుతోంది, మళ్లీ మందు ఎక్కించి కుక్కను తిప్పాలి. బయట శేషప్ప అరుస్తున్నాడు: "డాక్టరూ, పూలు వాడిపోతాండాయి, రాప్పా!"

రేపు తీద్దామనుకుని బయటికి పోయి శాలువాకు తల వంచాను. జయన్న అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టాడు. ఆ రేపు రాలేదు.

"నెలన్నర దాకా తాడు విప్పొద్దు, పరిగెత్తనీయొద్దు" అని చెప్పి పంపాను.

"గొర్రెల కుక్కకు మేం తాడు కట్టం సార్, అదేమన్నా దొంగనా" అని నవ్వి, అయినా తాడు కొనుక్కునే పోయాడు.

పదిహేను రోజుల తర్వాత వచ్చారు. కరియ ఆ కాలు నేల మీద ఆనించడం లేదు. నేను ఈసారి ముందు నుంచి ఎక్స్‌రే తీశాను. స్క్రూ కిందికి వాలి కీలులోకి పోయి ఉంది. ఒక్క చూపు చాలు. ఆ రోజే చూసి ఉంటే ఆ బల్ల మీదే సరిచేసేవాణ్ని.

నేను ఏమీ అనకముందే జయన్న చేతులు జోడించాడు. "తప్పు నాది సార్. మొన్న తాడు ఇప్పినా. గొర్రెలు పోతాంటే అది అరిసిన అరుపు సూడలేకపోయినా. రొంతసేపే ఇడిసినా, మంద దాకా పరిగెత్తింది."

"సెప్పలేదా నేను?" అంది ఎల్లమ్మ. "సార్ అంత కష్టపడి చేస్తే మట్టిపాలు చేసినావు. ఈయన మనిషేనా సార్?"

నేను ఎక్స్‌రే వైపే చూస్తూ నిలబడ్డాను. కొంచెం పరిగెత్తినంత మాత్రాన స్క్రూ అట్లా పోదు. ఆ మాట చెప్పడానికి నోరు తెరిస్తే చాలు. తెరవలేదు. "మందులు రాస్తాను, చూద్దాం" అన్నాను. పోతూ ఎల్లమ్మ మళ్లీ గుడ్డ మూట చేతిలో పెట్టింది. ఆ రొట్టెలు రాత్రి దాకా బల్ల మీదే ఉన్నాయి. ముట్టలేకపోయాను.

మరునాడు శరణ్యకు ఫోను చేసి, ఎక్స్‌రేలు పంపి, జరిగింది చెప్పాను.

"ఆ రోజు ఒక వైపే తీసినారా సార్?"

"ఒక వైపే."

"సరే. తీసుకురండి. ఎముక గట్టిపడకముందే మార్చేద్దాం." తనను ఎందుకు పిలవలేదని అడగలేదు.

జయన్నకు ఫోను చేస్తే ఒప్పుకోలేదు. "వద్దు సార్. మళ్లా నా చేతిలో పడితే మళ్లా పాడయితాది. నాకు ఆ యోగ్యత లేదు. పత్తి ఏరినాక మంద తోలుకొని కాలువ కింది ఊర్లకు పోతాం. నడవలేంది ఆడికి ఎట్ల వస్తాది? మా మామ ఇంటికాడ ఇడిసిపెడతా."

మంద లేని చోట కట్టేస్తే ఆ కుక్క బతికినా బతికినట్టు కాదు. అది నాకు తెలుసు. జయన్న ఎందుకు ఒప్పుకోవడం లేదో కూడా నాకే తెలుసు.

కారు తీసుకుని పోయాను. ఊరి బయట గొర్రెల దొడ్డి. దాని మీద ఎవరిదో పాత ఫ్లెక్సీ కప్పి ఉంది, ఎండకు ముఖం వెలిసిపోయింది. జయన్న, ఎల్లమ్మ, జయన్న వాళ్ల అన్న బసవన్న గొర్రెపిల్లలకు పాలు పట్టిస్తున్నారు. కరియ గుంజకు కట్టి ఉంది. నన్ను చూసి తోక ఊపింది. అది ఊపకపోతే బాగుండేది.

నిలబడే చెప్పాను. కూర్చోమన్నా కూర్చోలేదు. "జయన్నా, నువ్వు తాడు విప్పడం వల్ల కాలేదు ఇది. స్క్రూ నేను బిగించిన రోజే తప్పుగా పోయింది. రెండో వైపు ఎక్స్‌రే తీసి ఉంటే తెలిసేది. బయట శాలువా పట్టుకొని నిలబడి ఉన్నారని తీయకుండా వచ్చేశాను. మొన్న నువ్వు తప్పు నాదంటే విని ఊరికే ఉన్నాను."

బసవన్న గొర్రెపిల్లను కిందికి దించాడు. "ఆదోనిలో ఫ్లెక్సీ మీద ఉండేది మీరే కదా సార్?"

"నేనే."

"దాన్ని ఎప్పుడు దింపుతారు? మా దొడ్డికి ఇంగొకటి కావాల. ఇది సినిగిపోయింది."

ఎవరూ నవ్వలేదు. ఎల్లమ్మ నా వైపు కాకుండా భర్త వైపు చూస్తూ అంది: "ఇన్ని దినాలు ఈ మనిషిని తిట్టిన తిట్లన్నీ యాడికి పోవాల సార్? నిన్న అన్నం గూడ పెట్టలేదు నేను."

"నువ్వు తిట్టని దినం ఏదిలేవే" అన్నాడు జయన్న మెల్లగా. అది విని నాకు నేల చీలితే బాగుండుననిపించింది.

"ఎమ్మిగనూరులో శరణ్య అని డాక్టరమ్మ ఉంది. ఆమె చేస్తుంది. నేను పక్కన ఉంటాను, అంతే. కుక్కను ఇస్తావా?"

జయన్న నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది. లేచి కరియ తాడు విప్పి, దాన్ని చంకన ఎత్తుకుని కారు వెనక సీటులో పెట్టాడు. అక్కడ ఆ శాలువా ఆ రోజు మడిచి పెట్టినట్టే పడి ఉంది. అదేమిటో అతను గుర్తుపట్టాడు. పట్టనట్టే దాన్ని పరిచి, కుక్కను దాని మీద పడుకోబెట్టాడు.

ఎమ్మిగనూరులో శరణ్య ఆపరేషన్ చేసింది. నేను కాలు పట్టుకున్నాను. పాత స్క్రూ తీసి, ముక్కలు కలిపి, కొత్త దారిలో ఇంకొకటి బిగించింది. "కొంచెమే సార్ తేడా, గోరంత" అంది మాస్కు వెనక నుంచి. గోరంత కాదని ఇద్దరికీ తెలుసు. ముందు నుంచి ఒక ఎక్స్‌రే, పక్క నుంచి ఒకటి తీసింది. నన్ను పిలిచి రెండూ చూడమంది. రెండింట్లోనూ స్క్రూ ఎముకలోనే ఉంది.

జయన్నకు ఆమే విడమరిచి చెప్పింది. "కీలు లోపల కొంచెం గీరుకుపోయింది అన్నా. సలికాలంలో రొంత కుంటుతాది. గొర్రెల మందెంట మాత్రం పోతాది."

"మందెంట పోతే సాలమ్మా" అన్నాడు జయన్న.

అక్కడి నుంచే శేషప్పకు ఫోను చేసి ఫ్లెక్సీ దింపించమన్నాను. "ఏమైందప్పా? వానొస్తే అదే పోతాదిలే" అన్నాడు. ఈ రోజే దింపించి పెద్దకడుబూరు ఆటోలో వేయించమన్నాను, జయన్న ఊరి పేరు చెప్పాను. ఎందుకని అడిగాడు. గొర్రెలకు అన్నాను. నాకు మతి పోయిందనుకుని ఉంటాడు.

రాత్రికి కుక్కను అక్కడే ఉంచమంది శరణ్య. జయన్న దాని పక్కనే నేల మీద దుప్పటి పరుచుకున్నాడు. నేను ఇంటికి పోలేక ఆ గదిలోనే కుర్చీలో కూర్చున్నాను. కాసేపటికి జయన్న బయట బండి మీద ఇడ్లీలు కట్టించుకొచ్చి ఒక పొట్లం నా ఒళ్లో పెట్టాడు. "తినండి సార్" అన్నాడు, అంతే. ఈసారి తిన్నాను. తిని కళ్లు మూసుకున్నాను. జయన్న నేను నిద్రపోయాననుకున్నాడు.

ఆ క్లినిక్‌లో కాంపౌండరు గోవిందన్న బయట షట్టరు సగం దించుతూ అడిగాడు: "ఏమప్పా, ఆదోనిలో ఒకసారి చేసినారంట గదా? మళ్లా ఎట్ల పాడయింది? ఎవురు చేసినారు?"

నేను కళ్లు తెరవలేదు. జయన్న గుమ్మంలో నిలబడి ఉన్నాడని గొంతును బట్టి తెలిసింది.

"ఏమోనన్నా, దాని రాత. ఇప్పుడు బాగయితాదిలే" అన్నాడు. "మెల్లగా మాట్లాడన్నా. లోపల సారు పండుకున్నాడు."

గోవిందన్న ఇంకేదో అనబోయాడు. జయన్న లోపలికి వచ్చి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేశాడు.