పిట్ట ఎగిరిపోయాక

ఆకివీడు వీర్రాజు చెరువులో చేపలకైనా, ఇంట్లో మనుషులకైనా ఒకటే వైద్యం చేస్తాడు: బలం పెట్టడం. కూతురు అఖిలకు పెద్దపేగులో పుండ్లు పడి రక్తం పోతోందంటే ఆయనకు తోచిందీ అదే.

ఏలూరులో డాక్టర్ సిల్వియా మాత్రం కాదంది. "బలం తక్కువై కాదండీ. ఒంట్లో రోగాన్ని కొట్టే కణాలుంటాయి, 'ఇక చాలు' అని వాటిని ఆపే కణాలూ ఉంటాయి. అమ్మాయి పేగులో ఆ ఆపేవాళ్ల మాట చెల్లట్లేదు. కొట్టేవాళ్లు సొంత పేగునే కొడుతున్నారు. వాళ్ల జోరు తగ్గించడానికే ఈ మాత్రలు. వీటికీ లొంగకపోతే పేగు తీసెయ్యాల్సి రావచ్చు."

జోరు తగ్గించడమా! చెరువు కాపలావాణ్ణి మాన్పించమన్నట్టు వినబడింది వీర్రాజుకు. ఇంటికొచ్చి మాత్రలు బీరువాలో పెట్టి తాళమేశాడు. రోజూ గంజిలో ఇమ్యూనిటీ పొడి కలిపి, "తాగమ్మా, ఒంటికి పడుతుంది," అని బతిమాలాడు. నాన్న మొహం చూసి ఆ పిల్ల కాదనలేకపోయింది. రక్తం తగ్గలేదు సరికదా, ఎక్కువైంది. బస్సెక్కితే ఏమవుతుందోనని గూడెం కాలేజీకి వెళ్లడమే మానేసింది. వీర్రాజు లోలోపల హడలిపోయాడు. అయినా పొడి ఇంకో చెంచా పెంచాడు, మొండిఘటం!

ఒక ఉదయం చెరువు దగ్గరికి వెళ్తే, నీళ్లలో వేలాడదీసిన మేత సంచులు నిండుగా అలాగే ఉన్నాయి. ఒక్క చేపా ముట్టలేదు. గట్టు మీద కాపలా పాపారావు టపాకాయలు పేలుస్తున్నాడు.

"ఏంటయ్యా ఆ మోత?"

"చేపల కోసం నీటికాకులు వచ్చాయండి."

"ఏవీ?"

"ఎప్పుడో ఎగిరిపోయాయండి. మళ్లీ వస్తాయేమోనని..."

"పిట్ట పోయాక కూడా పేలుస్తుంటే చేపలు బెదిరిపోవూ? మేతకెలా వస్తాయి? ఇక చాలని చెప్పేవాడే లేడా నీకు!"

ఆ మాట అన్నాక వీర్రాజు గట్టు మీదే చతికిలబడ్డాడు. డాక్టరమ్మ చెప్పింది ఇదేగా! చాలని చెప్పే మందును తనే బీరువాలో పెట్టి తాళమేశాడు. పాపారావు చూస్తుండగానే భోరున ఏడ్చేశాడు.

ఆ మధ్యాహ్నమే కూతుర్ని ఏలూరు తీసుకెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. సిల్వియా గట్టిగానే చీవాట్లు పెట్టి, మాత్రలు మొదలుపెట్టించింది. కొన్ని వారాలకు రక్తం తగ్గింది, తర్వాత ఆగింది. కెమెరా గొట్టంతో పేగు లోపల మళ్లీ చూసిన రోజున, "పుండ్లు మానుతున్నాయండీ, ఇప్పుడు పేగు తియ్యక్కర్లేదు. మాత్రలు మాత్రం మానొద్దు," అంది.

మర్నాడు అఖిల కాలేజీకి తయారవుతుంటే, వీర్రాజు పాపారావు దగ్గరున్న టపాకాయలన్నీ తెప్పించి వాకిట్లో పేల్చడం మొదలుపెట్టాడు. వీధి వీధంతా చెవులు మూసుకుంది. ఎవరు చెప్పినా వింటేగా!

అఖిల బ్యాగు భుజానేసుకుని బయటికొచ్చింది.

"ఇక చాలు నాన్నా. బస్సొచ్చేస్తుంది."

వీర్రాజు వెలిగించిన అగ్గిపుల్లను ఊదేశాడు.