పండగ బిర్యానీ డబ్బా

గల్ఫ్‌లోని అల్ వర్సాన్‌లో మా లేబర్ క్యాంపు ఏసీలు చెడిపోయి వేసవి సగమైంది. ఏ ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్ వచ్చినా, మేం ముదీర్ అని పిలిచే కంపెనీ మేనేజరు ఆఫీసులోనే కూర్చోబెట్టి, టీ తాగించి సాగనంపేవాడు. సలీం సాబ్ ఒక్కడే నేరుగా గదుల్లోకి వచ్చి, చెమటకు తడిసిన పరుపులు తాకి చూసి, కంపెనీ మీద రిపోర్టు రాశాడు. బాగుచేసేదాకా వదలనన్నాడు.

బక్రీద్ సెలవుల్లోనూ వచ్చాడు. మెస్సులో వంట నాది. పండగపూట గడపలోకొచ్చిన మనిషిని వట్టి చేతులతో పంపడం మా రాయచోటిలో ఎరగం. డబ్బా నిండా బిర్యానీ పెట్టాను.

"మేమేదీ తీసుకోకూడదు ఖాదర్ భాయ్, రూల్ అది," అన్నాడాయన హిందీలో.

నేను వింటేనా! మా అక్క కొడుకు రమీజ్ చేత కారులో పెట్టించాను. ఆయన నవ్వి ఊరుకున్నాడు. రమీజ్ ఫోన్ తీసి ఫోటో కొట్టాడు. కుర్రాడి పండగ సరదా అనుకున్నాను.

కొన్నాళ్ళకు, ప్రభుత్వ ఉద్యోగుల నడవడికను విచారించే కమిటీ నన్ను పిలిచింది. బల్ల మీద ఆ ఫోటోనే ఉంది. కంపెనీ మీద రిపోర్టు రాసినందుకు క్యాంపువాళ్ళు డబ్బా అడుగున డబ్బు పెట్టారని, కళ్ళారా చూశానని రమీజ్ సంతకం చేసిచ్చాడు.

నా ఒళ్ళు మండిపోయింది. "బిర్యానీ తప్ప ఏమీ లేదు సార్. పెట్టింది నేనే," అన్నాను.

కమిటీ అధికారి ఓపిగ్గానే విన్నాడు. డబ్బు సంగతి ఇంకా తేల్చాలన్నాడు. తనిఖీకి వెళ్ళినచోట తిండి తీసుకున్నా తప్పేనట. తీసుకున్నానని సలీం సాబే ఒప్పుకున్నాడట. విచారణ ముగిసేదాకా ఆయన్ను పనిలోంచి తప్పించారు. ఆయన రిపోర్టూ ఆగిపోయింది. నా మర్యాద ఆ మంచి మనిషి మెడకు చుట్టుకుంది.

క్యాంపుకొచ్చి రమీజ్‌ను నిలదీశాను. "ఎందుకురా అట్ల రాసిచ్చినావ్?"

"సూపర్‌వైజర్ని చేస్తానన్నాడు మామా, ఆ ముదీర్. నీ పేరైతే చెప్పలే. ఖలాస్, ఇడిసిపెట్టు."

తండ్రి లేని పిల్లాడని వీడి వీసాకు పూచీ పడమని కఫీల్ కాళ్ళు పట్టుకున్నాను నేను. పరాయివాడు చేసుంటే ఇంత కడుపుకోత ఉండేది కాదు.

ఆ సాయంత్రం ఉడికిపోతున్న గదిలో అందరం భోజనాలకు కూర్చున్నాం. రమీజ్ ఎప్పటిలాగే నా పక్కన చేరి కంచం ముందుకు జరిపాడు. అందరికీ వడ్డించి గరిటె కింద పెట్టాను.

"మామా, నాకు?"

"నా చేతి అన్నంలో లంచముందని సంతకం పెట్టినావు కదరా. ఎట్ల తింటావు?"

ఎవరూ ముద్ద ఎత్తలేదు. వాడు కంచం వెనక్కి లాక్కుని తల వంచుకున్నాడు. అచ్చం మా అక్క పోలికే వాడిది. గరిటె మాత్రం నేను మళ్ళీ ముట్టుకోలేదు.