శనివారం పన్నెండు ప్రశ్నలు

“చూస్తూ ఉండండి, ఈ కంప్యూటర్ పరీక్ష మన పిల్ల కొంప ముంచుతుంది,” అన్నాను మా ఆయనతో. అప్పటికింకా పరీక్షే జరగలేదు. బడి నుంచి కాగితం మాత్రం వచ్చింది.

ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్. చొక్కా గుండీలు పెట్టుకుంటూ, “నాలుగో తరగతి పిల్లకి కొంపలు ముంచే పరీక్షలేమిటే? పొద్దున్నే నీ నోట ఒక్క మంచిమాట రాదు కదా,” అన్నారు.

ఆ కాగితం నేను మూడుసార్లు చదివాను. పిల్లలందరినీ చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి కంప్యూటర్ల ముందు కూర్చోబెడతారట. ఎవరికి చదవడం ఎంత వచ్చో, లెక్కలు ఎంత వచ్చో అదే కొలిచి, పేరు పక్కన రంగు వేస్తుందట. ఆకుపచ్చ అయితే ఫరవాలేదు. పసుపు అయితే ఓ కన్నేసి ఉంచాలి. ఎరుపు అయితే ‘అదనపు సహాయం అవసరం’. ఆ సహాయం అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. ఆసుపత్రుల్లో కూడా చెడ్డ కబురు చెప్పబోయే ముందు ఇలాంటి మెత్తటి మాటలే వాడతారు.

మా అమ్మాయిని ఇంట్లో పిట్ట అంటాం. తిండీ అంతే, ఒకచోట కాలు నిలవకపోవడమూ అంతే. పరీక్ష అయింది. పిట్టకు పసుపు వచ్చింది.

“పసుపు మంచిదేనే, సగం ఆకుపచ్చ,” అన్నారు ఆయన.

“సగం ఎరుపు కూడా,” అన్నాను నేను.

పసుపు వచ్చిన పిల్లలకు బడివాళ్ళు ఇంటి దగ్గర చేయడానికి ఒక లాగిన్ ఇచ్చారు. ప్రతి శనివారం ఫోన్‌లో పన్నెండు ప్రశ్నలు. పిల్ల ఒక్కతే చేయాలి, పక్కన ఎవరూ చెప్పకూడదు అని కింద లావుపాటి అక్షరాలతో రాశారు. ఆ జవాబులను బట్టి వారం వారం గీత గీస్తారు. గీత పైకి వెళితే పిల్ల ముందుకు వెళుతున్నట్టు.

మొదటి శనివారం పిట్టే చేసింది. దాన్ని చేయడం అంటారా! ఒక కాలు కుర్చీ మీద, ఇంకో కాలు గాల్లో ఊపుతూ, కూనిరాగం తీస్తూ, టకటకా నొక్కేసి, “అయిపోయిందమ్మా,” అని ఏడు నిమిషాల్లో ఆటకు పరిగెత్తింది. ఏడు నిమిషాలు! నేను కూర కోసుకోవడానికైనా అంతకంటే ఎక్కువ ఆలోచిస్తాను. ఆ వారమంతా నాకు ఒకటే ఆలోచన. ఇంత అజాగ్రత్తగా నొక్కితే పసుపు కాస్తా ఎరుపవుతుంది. ఎరుపు వచ్చిందని తోటిపిల్లలకు తెలుస్తుంది. అక్కడితో పిల్ల మనసు విరుగుతుంది. మనసు విరిగిన పిల్ల ఏం చదువుతుంది?

రెండో శనివారం ఫోన్ నేనే తీసుకున్నాను.

నేను ఏడో తరగతి వరకు చదివాను. లాండ్రీలో బట్టలకు నెంబరు చీటీలు రాసి కుట్టడం నా పని. పదేళ్ళలో ఒకరి చొక్కా ఇంకొకరికి వెళ్ళలేదు. నాలుగో తరగతి ప్రశ్నలు నాకొక లెక్కా అనుకున్నాను. పైగా నేను కూనిరాగాలు తీయను.

మంచం అంచున కూర్చుని, కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కో ప్రశ్నా వేలు పెట్టి చదివాను. ఒక్కో డబ్బాలో ఎనిమిది పెన్సిళ్ళు ఉంటే, ముప్పైమంది పిల్లలకు తలా ఒకటి ఇవ్వాలంటే ఎన్ని డబ్బాలు కొనాలి అని అడిగింది. మూడు డబ్బాలు కొంటే ఇరవై నాలుగు. ఆరు పెన్సిళ్ళ కోసం ఎవరైనా నిండు డబ్బా కొంటారా? విడిగా తెచ్చుకోవచ్చు. మూడు నొక్కాను.

వెనక నుంచి పిట్ట నా భుజం మీదుగా తొంగిచూసి, “అమ్మా, అదీ...” అంది.

“ష్! పక్కన ఎవరూ చెప్పకూడదని రాశారు. తప్పు,” అన్నాను. దాన్ని బయటికి పంపించి తలుపు దగ్గరికి వేశాను కూడా.

రెండు మూడు వారాలు కష్టమే అయింది. నాలుగులో ఒక వంతు పెద్దదా, మూడులో ఒక వంతు పెద్దదా అంటే మూడు కంటే నాలుగే కదా పెద్దది. పేరాలు చదవమంటే నేను సగంలో ఉండగానే టైమైపోయిందని గంట కొట్టేసేది. కానీ రానురాను ప్రశ్నలు తేలికయ్యాయి. చిన్న చిన్న మాటలు, చిన్న కూడికలు. నాకు చెయ్యి తిరిగిందనుకున్నాను. ఎనిమిదో శనివారం మూడు పిల్లి బొమ్మలు చూపించి ఎన్ని ఉన్నాయని అడిగితే నాకు నవ్వొచ్చింది. ఆ రోజు మా ఆయనకు చెప్పకుండానే లోపల్లోపల పొంగిపోయాను. కన్నతల్లిని, పిల్లను గట్టెక్కించాను.

మంగళవారం బడి నుంచి ఫోన్ వచ్చింది. తల్లీతండ్రీ ఇద్దరూ రావాలట.

“ఇద్దరూ అన్నారంటే చిన్న విషయం కాదు,” అన్నాను దారిలో. మా ఆయన నడక వేగం పెంచారు. దాంతో నాకు ఇంకా భయమేసింది.

టీచరమ్మ గదిలో పిట్ట అప్పటికే మూల కుర్చీలో కూర్చుని ఉంది. కాళ్ళు ఊపడం లేదు. టీచరమ్మ కంప్యూటర్ మావైపు తిప్పింది. తెర మీద ఒక గీత. మొదటి చుక్క ఎక్కడో పైన ఉంది. అక్కడినుంచి ప్రతి చుక్కా కిందకి, ఇంకా కిందకి. చివరి నాలుగు చుక్కలు ఎర్రగా ఉన్నాయి.

“తాడు తెగిన లిఫ్టులా ఉందే,” అన్నారు మా ఆయన. ఎవరూ నవ్వలేదు.

“పదమూడేళ్ళుగా పాఠాలు చెబుతున్నాను,” అంది టీచరమ్మ. “ఏడు వారాల్లో ఇలా పడిపోయిన పిల్లను చూడలేదు. ఇంట్లో ఏమైనా జరిగిందా? ఎవరైనా పోయారా? పాప ఎక్కడైనా పడిందా, తలకు దెబ్బ తగిలిందా?”

నేను ఎప్పుడూ భయపడేది ఇలాంటిదానికే.

“సోమవారం నుంచి పాపను సహాయక తరగతిలో కూర్చోబెడదామనుకుంటున్నాం. రోజుకు నాలుగు గంటలు. అక్కడ రెండో తరగతి పుస్తకాలతో మొదలుపెడతారు. వచ్చే ఏడాది ఐదో తరగతికి పంపాలా వద్దా అన్నది తర్వాత చూద్దాం.”

“రెండో తరగతా?” అన్నారు మా ఆయన. పిట్ట నేల చూస్తోంది.

“ప్రశ్నలు అంత కష్టంగా ఉన్నాయా పాపా?” అని అడిగింది టీచరమ్మ.

నా నోరు ఆగలేదు. “కష్టమేమీ లేదండీ! మొదట్లో ఉన్నాయి గానీ, తర్వాత ఎంత తేలికయ్యాయో! మొన్న శనివారం మూడు పిల్లులు చూపించి ఎన్ని అని అడిగిందండీ. అందులో తప్పేముంటుంది? మీ మిషనే ఏదో తిరగబడినట్టుంది.”

టీచరమ్మ నావైపు జాలిగా చూసింది. “అమ్మా, అది జవాబును బట్టి తరవాతి ప్రశ్న ఇస్తుంది. సరిగ్గా చెప్పేకొద్దీ కష్టమైనవి వస్తాయి. తప్పు చెప్పేకొద్దీ తేలికవి వస్తాయి. పిల్లుల్ని లెక్కపెట్టమని అడిగిందంటే, అంతకు ముందు వారాలన్నీ తప్పులే వచ్చాయని అర్థం.”

పెన్సిళ్ళు, నాలుగులో ఒక వంతు, గంట కొట్టేసిన పేరాలు, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. నేను పొంగిపోయిన ఆ శనివారం తెర మీద అన్నిటికంటే అడుగున, ఎర్రగా ఉంది.

“శనివారాలు పాప ఒక్కతే చేసిందా?” అంది టీచరమ్మ. తర్వాత పిట్టవైపు తిరిగి, “నిజం చెప్పు నాన్నా. అన్నీ నువ్వే చేశావా?”

పిట్ట తలెత్తింది. నన్ను చూసింది. “నేనే చేశాను టీచర్,” అంది.

నా పిల్ల అబద్ధం ఆడటం నేను చూడటం అదే మొదటిసారి. కళ్ళార్పకుండా ఆడింది. రెండో తరగతి గదిలో కూర్చోవడానికి ఒప్పుకుని ఆడింది.

“కాదండీ,” అన్నాను. “మొదటి చుక్క ఒక్కటే దానిది. మిగతావన్నీ నావి.”

“అంటే?”

“నేనే రాశానండీ. పిల్ల తప్పులు చేస్తుందేమోనని.”

మా ఆయన, “ఏమే...” అని ఆగిపోయారు. ఆ మనిషికి జోకు తోచకపోవడం నా కాపురంలో మొదటిసారి.

టీచరమ్మ కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టింది. “ఏడు వారాలుగా నేను మీ కోసం బెంగపెట్టుకున్నానా అమ్మా!” అంది. “మీ స్థాయికి సరిపడా వర్క్‌షీట్లు కూడా తయారుచేసి పెట్టాను.” నవ్వాలో తిట్టాలో ఆమెకే తెలియలేదు. కాసేపటికి లేచి పిట్ట చెయ్యి పట్టుకుంది. “పద, ఇప్పుడే, నా ఎదురుగా చేద్దువు గాని. మీరిద్దరూ బయట కూర్చోండి.”

బయట బెంచీ మీద ఇరవై నిమిషాలు కూర్చున్నాం. ఇంతలో ఆయనకు ఫోన్ వచ్చింది. ఎక్కడో ఆరో అంతస్తులో లిఫ్టు ఆగిపోయిందట, లోపల మనిషి ఉన్నాడట. లేస్తూ నా భుజం మీద చెయ్యి వేసి వెళ్ళారు. తిడితే బాగుండేది.

టీచరమ్మ వచ్చి తలుపు దగ్గర నిలబడింది. “పసుపే. ఆకుపచ్చకు నాలుగు మార్కుల దూరం. తన తరగతిలోనే ఉంటుంది. మీ ఏడు వారాలూ తీసేయమని ఆఫీసుకు రాస్తాను. ఇకమీదట శనివారం పరీక్ష శుక్రవారం, ఇక్కడే.”

నేను రెండు చేతులూ జోడించాను. ఆమె, “అయ్యో, వద్దమ్మా,” అని లోపలికి వెళ్ళిపోయింది.

పిట్టా నేనూ నడుచుకుంటూ బయల్దేరాం. టైర్లకు పంచర్లు వేసే కొట్టు దాటాక అడిగాను.

“నేను తప్పులు చేస్తున్నానని నీకు తెలుసా?”

తలూపింది.

“మొదటి రోజు నుంచీనా?”

మళ్ళీ ఊపింది.

“మరి టీచర్ అడిగితే అబద్ధం ఎందుకు చెప్పావే? రెండో తరగతి పిల్లలతో కూర్చోబెడతామన్నా ఎందుకు నోరు విప్పలేదు?”

మందుల షాపు దాటాం. సిగ్నల్ దగ్గర రెండుసార్లు ఎరుపు పడి, రెండుసార్లు ఆకుపచ్చ పడినా మేము అక్కడే నిలబడ్డాం. నేను మళ్ళీ అడగలేదు. బడి సంచీ నా భుజానికి మార్చుకున్నాను. రోడ్డు దాటాం. మా వీధి మలుపు కూడా తిరిగాం. పొరుగింటావిడ ఆరేసిన దుప్పట్ల మధ్య నుంచి తలెత్తి, “ఏంటి, బడి అప్పుడే వదిలారా?” అంటే నేను ఏదో గొణిగాను. మెట్లెక్కాం. తాళం తీశాను. పిట్ట చెప్పులు విడిచి, రెండింటినీ జతగా గోడ పక్కన పెట్టింది. అలా పెట్టమని రోజూ అరుస్తాను, ఏనాడూ పెట్టదు.

అప్పుడు, అటు తిరిగే, అంది:

“చెబితే నీకు రాదని వాళ్ళకి తెలిసిపోతుంది కదమ్మా.”