అడగాల్సిన వేళ

మూడు గంటల నలభై నిమిషాలకు ఫారాల కట్ట పట్టుకుని సంధ్యారాణి మెట్లెక్కుతుంటే, కింద వరండాలోంచి కుబ్రా బేగం పిలిచింది.

"బిడ్డా, సంధ్యా! పది గంటల సంది గీ బల్ల మీదనే కూసున్నం. రికార్డు రూము సారు నీ సంతకం ఉంటెనే బీరువా తెరుస్తనంటున్నడు. ఒక్క సంతకం గీకియ్యరాదు!"

సంధ్యారాణి ఆగింది. కుబ్రా బేగం పక్కన ఆమె కూతురు ఇక్రా ప్లాస్టిక్ ఫైలు ఛాతీకి అదుముకుని నిలబడి ఉంది. ఆ ఫైల్లో బొగ్గు కంపెనీ ఉత్తరం ఉంది. ఇక్రా తండ్రి జహంగీర్ ఇరవై ఎనిమిదేళ్లు గనిలో బొగ్గు కోశాడు. ఊపిరితిత్తులు పాడై, పనికి పనికిరాడని కొత్తగూడెంలో డాక్టర్ల బోర్డు తేల్చింది. ఆయన ఉద్యోగం కూతురికి రావాలి. రేపు ఉదయం పది గంటలకు జీఎం ఆఫీసులో ఒరిజినల్ సర్టిఫికెట్ల పరిశీలన. మొదటి తేదీకి జహంగీర్ దవాఖానలో ఉన్నాడు. రెండో తేదీకి పదో తరగతి మెమో లేక తిరిగొచ్చారు. రేపటిది ఆఖరు.

ఆ మెమో ఇక్కడే ఉంది. నాలుగేళ్ల కిందట ఇక్రా డిగ్రీలో చేరిన రోజు ఈ ప్రైవేటు యూనివర్సిటీ తీసి పెట్టుకుంది. ఫీజు బాకీ ఒక్క రూపాయి లేదు.

"పైన ట్రెయినింగు నడుస్తుంది చాచీ. అయిపోంగనే వస్త."

"ఐదింటికి రూము బంద్ జేస్తరట గద బిడ్డా?"

"ఫికర్ చెయ్యకు. వస్త."

ఇక్రా సంధ్యారాణి చేతిలో ఉన్న ఫారాల వైపు చూసింది. వాటి మీద రంగుల్లో అచ్చువేసి ఉంది: కృతజ్ఞతా నిధి.

*

ఆ నిధికి మూలం సంధ్యారాణి.

ఆమె పూర్వ విద్యార్థుల విభాగంలో అసిస్టెంటు. ఔట్‌సోర్సింగ్ ఉద్యోగం, నెలకు పద్నాలుగు వేలు. పోయినేడు ఆమెను మూడు రోజుల శిక్షణకు హైదరాబాద్ పంపారు. యూనివర్సిటీలకు విరాళాలు ఎలా సేకరించాలి, చదువుకుని వెళ్లినవాళ్లతో బంధం ఎలా నిలుపుకోవాలి అన్నది విషయం. దీప అనే శిక్షకురాలు అందరికీ కాగితాలు పంచి ఒకే ప్రశ్న ఇచ్చింది. మీ పూర్వ విద్యార్థి మనసు దేనికైనా ఒప్పుకునే రోజు ఏది?

మిగతావాళ్లు స్నాతకోత్సవమని రాశారు, సిల్వర్ జూబ్లీ అని రాశారు. సంధ్యారాణి గోదావరిఖని పిల్ల. ఆమె తండ్రి సదయ్య, జహంగీర్ ఒకే షిఫ్టులో పనిచేసినవాళ్లు. తనకు తెలిసింది రాసింది. 'మా దగ్గర తండ్రి ఉద్యోగం బిడ్డకు వచ్చే రోజు. ఆ రోజు సర్టిఫికెట్ కోసం కాలేజీకి వస్తారు. ఆ రోజు మనం మిఠాయి పెట్టి, ఫొటో తీసి పంపిస్తే జన్మలో మరిచిపోరు.'

ఆమెకు మొదటి బహుమతి వచ్చింది.

మరుసటి నెల డైరెక్టర్ లింగమూర్తి ఆమె టేబుల్‌ను రికార్డు రూము గుమ్మం ముందు వేయించాడు. మిఠాయి రెండు నెలలు పెట్టారు. కొందరు సంతోషంగానే ఐదు వందలో వెయ్యో ఇచ్చారు. మూడో నెల మిఠాయి ఆగిపోయింది, అంకె పెరిగింది. ఐదో నెలకల్లా, బాకీ లేదని చెప్పే నో-డ్యూ ఫారం మీద ఆమె సంతకం, దాని పక్క గడిలో విరాళం రసీదు నంబరు లేకుండా బీరువా తెరుచుకోవడం మానేసింది. ఇప్పుడు కంపెనీ ఉద్యోగం వచ్చినవాళ్లకు అంకె ముప్పై వేలు.

ఈరోజు పైన హాల్లో ఆ పద్ధతినే నేర్పుతున్నారు.

*

ఒకే యాజమాన్యం కింద ఉన్న ఆరు కాలేజీల నుంచి నలభై మంది వచ్చారు. పెద్దపల్లి నుంచి, మంచిర్యాల నుంచి. లెక్చరర్లు, గుమాస్తాలు, ఒక లైబ్రేరియన్. పద్దెనిమిది వేల జీతగాళ్లు. ఈ ఏడాది ఒక్కొక్కరికి లక్షన్నర విరాళం టార్గెట్. అందుకోకపోతే ఇంక్రిమెంటు లేదు. అందుకే ఎవరూ పెన్ను కింద పెట్టడం లేదు.

పొద్దుటి నుంచి రెండు నాటకాలు అయ్యాయి. ఒకరు దాతగా, ఒకరు అడిగేవారుగా నటించారు. హైదరాబాద్ నుంచి రప్పించిన దీప కాలర్ మైకులో వాళ్ల తప్పులు చెప్పింది.

"ఇప్పుడు ఈ పద్ధతి కనిపెట్టిన సంధ్యారాణి గారే అడిగి చూపిస్తారు," అన్నాడు లింగమూర్తి. తర్వాత మైకు మీద చెయ్యి పెట్టి ఆమె వైపు వంగాడు. "కింద తల్లీకూతుళ్లు ఉన్నారటగా. పైకి రమ్మన్నాను."

సంధ్యారాణి తలుపు వైపు చూసింది. "సార్, వాళ్లు మా కాలనీవాళ్లు. గిది అందరి ముందర..."

"నీ పర్మనెంటు ఆర్డరు నా జేబులో ఉంది. ఇరవై ఆరు వేలు. సాయంత్రం ఇదే స్టేజీ మీద ఇస్తాను. చక్కగా చెయ్యి."

అప్పటికే తలుపు తెరుచుకుంది.

కుబ్రా బేగం నలభై మందిని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. అందరి మెడల్లో కార్డులు, చేతుల్లో కాగితాలు. తన కూతురి సంగతి తేల్చడానికి కమిటీ కూర్చుందని ఆమె అనుకుంది. చెప్పులు బయట విడిచి లోపలికొచ్చి, చెయ్యి నుదుటికి ఆనించింది.

"సలాం సాబ్. అందరికి దండాలు."

హాల్లో చిన్న నవ్వు పుట్టింది. మూడో నాటకం మొదలైందని వాళ్లు అనుకున్నారు. ఎవరూ కాదని చెప్పలేదు. దీపకైనా తెలుసో లేదో సంధ్యారాణికి అర్థం కాలేదు.

నాలుగు గంటల ఐదు నిమిషాలు.

"మొదటి మెట్టు అభినందన," అంది దీప మైకులో.

సంధ్యారాణి కుర్చీ అంచున కూర్చుంది. "కంపెనీ ఉద్యోగం వస్తున్నందుకు సంతోషం ఇక్రా."

"ఇంక రాలేదక్కా. మెమో ఇస్తే వస్తది."

"రెండో మెట్టు జ్ఞాపకం."

"ఈ యూనివర్సిటీ నీకు... ఏమిచ్చింది?"

"ఫీజు కట్టినం, చదువు చెప్పిన్రు. రెండేండ్లు ల్యాబుల కంప్యూటర్లే నడువలే."

హాలంతా గొల్లుమంది. "కఠినమైన దాత," అని ఎవరో గొణిగి రాసుకున్నారు.

"మూడో మెట్టు అంకె. అంకె చెప్పాక నోరు మూసుకోవాలి. ముందు మాట్లాడినవాళ్లు తగ్గుతారు. గమనించండి."

సంధ్యారాణి ఆ తల్లి మొహం వైపు చూడలేదు. "ముప్పై వేలు చాచీ," అంది.

నలభై మంది పెన్నులు ఆగాయి. ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. కుబ్రా బేగం ఒక్కొక్కరి మొహం చూస్తూ పోయింది. ఎవరైనా ఒక మాట అంటారేమోనని చూసింది. ఎవరూ అనలేదు. అనకూడదని వాళ్లకు ఇప్పుడే నేర్పారు.

ఆమే మాట్లాడింది.

"సాబ్, ఎనిమిది వేలు తెచ్చిన. ఇక్రా నాయన ఆక్సిజన్ మిషన్ కిరాయి కోసం పెట్టుకున్నయి."

చప్పట్లు మోగాయి. దీప వేలితో గడియారం చూపించి, "నలభై సెకన్లు," అంది.

కుబ్రా బేగం మొహం వికసించింది. సంధ్యారాణి చెవి దగ్గరికి వంగింది. "ఏంది బిడ్డా, చప్పట్లు కొడ్తున్నరు? ఒప్పుకున్నరా?"

సంధ్యారాణి తల అడ్డంగా ఊపింది. ఒప్పుకోలేదని ఆ తల్లికి దానితోనే అర్థమైంది. ఆమె లేచి నిలబడి హాలుకు చెప్పుకోవడం మొదలుపెట్టింది. "మా ఆయన ఇంట్ల మూడడుగులేస్తే గోడ పట్టుకుంటడు. కూసొనే పండుకుంటడు. పోరికి నౌకరీ రాకపోతె క్వార్టరు ఖాళీ చెయ్యాలె. కిరాయి ఇంట్ల మెట్లుంటె ఆయన ఎక్కలేడు సాబ్. జర దయ చూడున్రి."

రెండో వరసలో పెద్దపల్లి కాలేజీ లెక్కల లెక్చరర్ శోభ కళ్లు తుడుచుకుంది. పక్కామెతో కాస్త గట్టిగానే అంది. "మస్తు చేస్తుంది కదనే. హైదరాబాద్ నుంచి తెచ్చిన్రా ఏంది?"

కుబ్రా బేగం అటు తిరిగింది. "హైదరాబాద్ కాదు బిడ్డా. గీ ఎయిట్ ఇంక్లైన్ కాలనీనే."

ఈసారి నవ్వు ఆగలేదు. వెనక వరసల్లో ఎవరో ఈల కూడా వేశారు.

"నవ్వకున్రి!" సంధ్యారాణి లేచింది. కుర్చీ వెనక్కి పడింది. "గీమె యాక్టరు కాదు. పేరు కుబ్రా బేగం. మెమో నిజంగనే కింద బీరువల ఉంది. ఐదింటికి రూము మూస్తరు. నాటకం కాదిది."

నవ్వులు ఆగాయి. శోభ చెయ్యి నోటి మీదికి వెళ్లింది. ఒక్క క్షణం, ఎవరో ఒకరు లేస్తారనిపించింది.

దీప చిరునవ్వుతో ముందుకొచ్చింది. "గమనించారా? స్క్రిప్టు వదిలేసి దాత పక్షాన నిలబడ్డారు. నమ్మకం పుట్టేది ఇక్కడే. నాలుగో మెట్టు ఇదే."

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. వంగి రాసుకున్నారు. నాలుగో మెట్టు: దాత పక్షాన నిలబడాలి.

*

లింగమూర్తి స్టేజీ ఎక్కి పని చేతుల్లోకి తీసుకున్నాడు. ఆయన గొంతు ఎప్పుడూ పెరగదు.

"పెద్దమ్మా, మీ పరిస్థితి మాకు అర్థమైంది. ఇప్పుడు ఎనిమిది వేలు ఇవ్వండి. మిగతాది అమ్మాయి జీతం వచ్చాక నెలకింత. రసీదు ఇస్తాం, మెమో ఇస్తాం. అమ్మాయి ఈ విరాళం ఉత్తరం మీద సంతకం చేసి, కెమెరా ముందు రెండు మాటలు చెబితే చాలు."

కుబ్రా బేగం రెండు చేతులెత్తింది. "అల్లా మిమ్మల్ని సల్లగ చూడాలె సాబ్."

ఇక్రా ఉత్తరం చదివింది. రెండుసార్లు చదివింది. "'ఎవరి ఒత్తిడీ లేకుండా, నా ఇష్టపూర్వకంగా' అని ఉంది. ఇయ్యకపోతే మెమో ఇస్తరా సార్?"

"అది వేరే విషయం అమ్మా. రికార్డు రూముకు దాని పద్ధతి దానికి ఉంటుంది."

"గట్లయితే ఇష్టమని ఎట్ల రాయాలె?"

"రాయి బేటీ," అంది తల్లి గాభరాగా. "రాస్తె ఏం పోతది? జల్ది రాయి."

"పైసలు నువ్విస్తె ఇయ్యి అమ్మీ. నీ చెయ్యి నేను పట్టుకోను. మా నాయన ఊపిరి ఇష్టంగ ఇచ్చిననని మాత్రం నేను రాయ."

పెన్ను ఉత్తరం మీద పెట్టి మెట్లు దిగి వెళ్లిపోయింది. కుబ్రా బేగం తలుపు వైపు చూసింది, హాలు వైపు చూసింది. "పోరికి దునియా తెల్వదు సాబ్. నేను వేలిముద్రేస్త. నాది చెల్లదా?"

"దాత సంతకమే చెల్లుతుంది," అన్నాడు లింగమూర్తి.

ఆమె చెప్పుల కోసం కూడా ఆగకుండా కూతురి వెనక పరుగెత్తింది.

నాలుగు ముప్పై ఎనిమిది.

సంధ్యారాణి ఆలోచించలేదు. నో-డ్యూ ఫారం తీసి సంతకం చేసి, రెండేసి మెట్లు దిగి రికార్డు రూముకు పరుగెత్తింది. గుమాస్తా ఫారం చూసి తిరిగిచ్చాడు.

"రసీదు నంబరేది?"

"రేపిస్త అన్నా. ఇయ్యాల తీసియ్యి."

"నాకు ముగ్గురు పిల్లలు సంధ్యా. నంబరు లేకుండ బీరువా తెరిస్తె రేపటికి నేనుండ. నీకు తెల్వదా? గీ గడి పెట్టించింది మీ డిపార్టుమెంటే కదా."

మళ్లీ పైకి పరుగెత్తింది. రసీదు పుస్తకం లింగమూర్తి సంచిలో ఉంటుంది.

"నా జీతంల పట్టుకోన్రి సార్. ముప్పై వేలు. రసీదు రాయిన్రి."

"ఉద్యోగి ఇస్తే విరాళం లెక్కలోకి రాదు. నీకే తెలుసు." ఆయన మార్కర్ ఆమె చేతిలో పెట్టాడు. "ఆ అమ్మాయి చల్లబడ్డాక వస్తుంది. అందరూ వస్తారు. వెళ్లి బోర్డు దగ్గర నిలబడు. సెషను ముగించాలి."

దీప హాలుతో చెబుతోంది. "ఇది విఫలమైన ప్రయత్నం. విజయం కంటే దీన్నుంచే ఎక్కువ నేర్చుకుంటాం. ఎక్కడ తప్పు జరిగింది? సంధ్యారాణి గారు పాయింట్లు రాస్తారు, మీరు రాసుకోండి."

నలభై మంది కొత్త పేజీ తిప్పారు.

కిటికీలోంచి కింది వరండా కనిపిస్తోంది. ఇక్రా రికార్డు రూము గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. తల్లి ఆమె భుజం పట్టి ఊపుతూ ఏదో అంటోంది. గుమాస్తా తాళంకప్పతో నిలబడి, ఆ పిల్ల అడ్డంగా ఉండగా షట్టరు ఎలా దించాలో తెలియక గడియారం చూసుకుంటున్నాడు.

సంధ్యారాణి బోర్డు వైపు తిరిగింది. పెద్ద అక్షరాలతో రాసింది.

షేక్ ఇక్రా. పదో తరగతి మెమో. కింది గది, మూడో బీరువా. అది ఆమెది. అడగకుండానే ఇవ్వాలి.

ఆమె రాస్తుండగానే కింద షట్టరు దిగిన చప్పుడు వచ్చింది. దాని వెనకే కుబ్రా బేగం కేక: "పోరిని గుంజేసి బంద్ జేసిన్రు సంధ్యా!" ఐదయింది.

వెనక్కి తిరిగి చూసేసరికి నలభై తలలూ వంగి ఉన్నాయి. బోర్డు మీద ఉన్నదాన్ని అక్షరం పొల్లు పోకుండా నోటు పుస్తకాల్లో దింపుకుంటున్నారు. శోభ ఒక్కతే ఇక్రా పేరు దగ్గర ఆగి, పైకి చూసింది. పక్కామె మోచేత్తో పొడిచింది. శోభ మళ్లీ వంగింది.

వెనక వరస నుంచి లైబ్రేరియన్ చెయ్యెత్తాడు. "మేడం, ఇది ఎన్నో పాయింటు?"

లింగమూర్తి డస్టర్ పట్టుకుని బోర్డు దగ్గరికి వస్తున్నాడు.

"మొదటిది," అంది సంధ్యారాణి. బోర్డుకు వీపు ఆనించి నిలబడింది. పక్కకు జరగలేదు.