గంగామణి ఒళ్ళో చాట

నేను ఒక చాటను. బియ్యం చెరిగే చాటను కాను, ఆ గౌరవం నాకు లేదు. బీడీలు చుట్టే ఆడవాళ్ళ ఒళ్ళో పొద్దంతా పడి ఉండే చిన్న చాటను. ఒక పక్క తడిపి కత్తిరించిన తునికాకు, ఇంకో పక్క తంబాకు, మధ్యలో దారపుండ, కత్తెర. ఇంతే నా సంసారం. అయినా ఒక్క ఏడాదిలో నేనెక్కినన్ని వేదికలు మీలో చాలామంది కవులు ఎక్కి ఉండరు. అక్కడ ఏం చూశానో చెబుతాను. కాస్త కోపంగానే చెబుతాను. ఏమనుకున్నా ఫరవాలేదు.

నన్ను అల్లింది మేదరి నాంపెల్లి. వెదురు చీల్చి, పేళ్ళు తీసి, అల్లి, అంచుకు గట్టి బద్ద కట్టి అంగట్లో పెట్టాడు. ఆడెపు గంగామణి వచ్చి నన్ను తిరగేసి వేలి కణుపులతో రెండు దెబ్బలు కొట్టింది. కుండను కొట్టి చూసేవాళ్ళున్నారు గాని చాటను కొట్టి చూసేవాళ్ళను నాంపెల్లి ఎన్నడూ చూడలేదు.

"ఏం జూస్తున్నవమ్మా?" అన్నాడు.

"మాట్లాడుతదా లేదా అని," అంది.

మాది జగిత్యాల దిక్కు బీడీల ఊరు. గంగామణి నాలుగో తరగతి దాకా చదివింది. భర్త రాజేశం మగ్గాల పనికి భీవండి పోయాడు, ఏడాదికి రెండుసార్లు వస్తాడు. ఆమె వాకిట్లో నలుగురు ఆడవాళ్ళతో కూర్చొని బీడీలు చుట్టేది. వేళ్ళు వాటి పని అవి చేసుకుపోతుంటే ఆమె నోట పాట కట్టుకుంటూ ఉండేది. ఒక చరణం కుదరగానే నా అంచు మీద దెబ్బ వేసేది. అట్లా పన్నెండేళ్ళు. ఆ పాటల్లో ఒకటి ఇది:

ఆకు అడివిది, తంబాకు సేటుది,
దారం దుకాన్లది, చాట మేదరోనిది,
పొద్దంత చుడితే నాకేం మిగిలె అక్కో,
దగ్గొక్కటే నా సొంతమాయె.

పక్కింట్లో ఉండే మురహరి సారు తెలుగు చెప్పి రిటైరైన పంతులు. గోడవతల నుంచి విని విని, ఒకరోజు నోటుబుక్కు పట్టుకొని వచ్చి కూర్చున్నాడు.

"ఇది కవిత్వమమ్మా," అన్నాడు.

"కవిత్వమైతె ఏమైతది సారు?"

"నలుగురి ముంగట చదవాలె."

ఆ మాటతో మొదలైంది మా తిరుగుడు.

మొదటి సభ ఉగాదినాడు, మండల కేంద్రంలోని ఫంక్షన్ హాల్లో. కవులు నలభై మంది. గంగామణి పేరు నలభయ్యోది. ముప్పై తొమ్మిది మంది కోయిలను పిలిచారు. ఒక్కొక్కరికి మూడు నిమిషాలన్నారు గాని, ఒకాయన తన కవితకు ముందు తన పుస్తకాల పేర్లు చెప్పడానికే ఆరు నిమిషాలు తిన్నాడు. చదివినవాడు చదివినట్టే కిందికి దిగి భోజనాల దిక్కు పోయాడు. గంగామణి నన్ను చంకన పెట్టుకొని మైకు ముందుకొచ్చేసరికి ఎదురుగా ఖాళీ కుర్చీలు. టెంటువాళ్ళు వాటిని ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నారు. మురహరి సారు ఒక్కడే బిగుసుకొని కూర్చున్నాడు.

ఆమె చదివింది. నా మీద దెబ్బ తప్పకుండా, ఒక్క పదం మింగకుండా చదివింది. వంటావిడ చేతిలో గరిటె అట్లాగే పట్టుకొని తలుపు దగ్గర నిలబడిపోయింది. అయిపోయాక ఎవరో చెయ్యి తుడుచుకుంటూ వచ్చి గంగామణికి శాలువా కప్పి, ఫోటో తీసుకొని పోయాడు. ఏం చదివావమ్మా అని అడగలేదు. వినకుండా సన్మానం చేయడం మనుషులకే చేతనవుతుంది.

వానాకాలంలో జిల్లా కేంద్రంలో కార్మిక కవుల సభ. పిలిచిందీ, బ్యానరు కట్టిందీ గంగామణి బీడీలు చుట్టి ఇచ్చే కార్ఖానా సేటే. ముందు వరసలో మెత్తటి కుర్చీ ఆయనదే. సభ నడిపే సుధాకరం గారు గంగామణిని పక్కకు పిలిచాడు. ఈయనా కవే.

"తంబాకు సేటుది అన్నావు కదమ్మా, అక్కడ చేనుది అను. అడవిది, చేనుది. వినడానికీ బాగుంటుంది."

గంగామణి తలూపింది. మైకు ముందు చేనుదే అంది. అప్పుడామె వేలు నా మీద పడలేదు. లయ తప్పింది. సేటు చప్పట్లు కొట్టాడు.

నిజం చెబుతున్నాను, ఆరోజు నాకు సుధాకరం మీద కన్నా ఆమె మీదే కోపం వచ్చింది. మర్నాడు వాకిట్లో, ఆమెతో చిన్ననాటి నుంచీ బీడీలు చుట్టిన లసుమక్క సంగతి తెలుసుకొని అడిగింది.

"సేటు ముంగట సేటునే దాస్తివా గంగామణీ?"

పదకొండు రోజులు గంగామణి వేళ్ళు బీడీలు చుట్టాయి గాని నోట పాట కట్టలేదు. పన్నెండో రోజు నా మీద గట్టిగా ఒక దెబ్బ వేసి, "ఇగ ఒక్క మాట మార్చ," అంది.

మార్చలేదు. చలికాలమంతా తిరిగాం. బీడీ సంఘం మీటింగులు, ఊళ్ళల్లో కార్ఖానా వాకిళ్ళు, ఒక డిగ్రీ కాలేజీ. కాలేజీ ఆడపిల్లలు ఆ పాటను మూడుసార్లు చెప్పించుకున్నారు. వాళ్ళలో సగం మంది తల్లులు బీడీలు చుట్టేవాళ్ళే. ఒక పిల్ల ఏడ్చింది. ఆ సంగతి సేటు దాకా పోయినట్టుంది, ఆ వారం గంగామణికి చిల్లులు పడ్డ ఆకే ఇచ్చారు. ఆమె దాని మీద ఇంకో పాట కట్టింది.

సంక్రాంతి దాటాక పట్నం నుంచి విద్యాధర్ గారు కారులో వచ్చాడు. జానపద కళల మ్యూజియంలో అధికారి. ఎంత మర్యాదస్తుడో. కింద చాప మీదే కూర్చున్నాడు, ఫోనులో పాట పట్టుకున్నాడు, నన్ను చేతుల్లోకి తీసుకొని మురిసిపోయాడు.

"ఒక్క నెల ప్రదర్శనకు ఇవ్వండమ్మా. మీ పేరు, మీ పాట పక్కనే పెడతాం."

మురహరి సారు ఆ నెల మాటను కాగితం మీద రాయించుకున్నాక, గంగామణి నన్ను ఉగాది శాలువాలో చుట్టి ఇచ్చింది. ఆ శాలువాకు అంతకుముందు వేరే పనేదీ పడలేదు.

అద్దాల పెట్టెలో పెట్టారు నన్ను. పైన పచ్చటి దీపం. కింద బోర్డు: "బీడీ చాట, వెదురు." దాని కింద ఆమె పాట నాలుగు చరణాలూ రాసి, "జానపద గేయం. కర్త తెలియదు" అని పెట్టారు.

తెలియదట! ఆమె గుమ్మంలో చాప మీద కూర్చొని, ఆమె ఇచ్చిన చాయ్ తాగి, ఆమె నోటి నుంచి పట్టుకొచ్చిన పాట అది. వచ్చిన వాళ్ళందరూ ఆ బోర్డు చదివి, పాతకాలం వాళ్ళు ఎంత బాగా కట్టారో అనుకుంటూ పోయేవాళ్ళు. అద్దం లోపలి నుంచి నేనేం చేయగలను.

ఎవరో చూసి ఊళ్ళో చెప్పారు. మురహరి సారు ఉత్తరం మీద ఉత్తరం రాశాడు. చివరికి ఒక గుమాస్తా వచ్చి కొత్త బోర్డు తగిలించాడు. "కర్త: కీర్తిశేషులు ఆడెపు గంగామణి."

నెల అన్నది మూడో నెలలో పడ్డాక ఆమే వచ్చింది. వెంట లసుమక్క, మురహరి సారు. ఆమె బోర్డు ముందు నిలబడి అక్షరం అక్షరం కూడబలుక్కొని చదివింది. రెండోసారి చదివింది. విద్యాధర్ గారు పరుగున వచ్చాడు.

"పొరపాటమ్మా. గుమాస్తా పాత పాట అనుకున్నాడు. ఎట్లాగూ పేరు వేశాం కదా."

"బతికుంటె తెల్వదని రాస్తిరి. పేరు పెట్టుమంటె సంపి పెడితిరి," అంది గంగామణి. గొంతు పెంచలేదు. "నా చాట నాకియ్యిర్రి సారు."

"బోర్డు ఇవాళే మారుస్తాం. చాట మాత్రం రిజిస్టర్లో ఎక్కిందమ్మా. అది ఇప్పుడు ప్రజల సొత్తు."

"నేను ప్రజలల్ల లేనా సారు?"

చుట్టూ చూడ్డానికొచ్చిన జనం చేరారు. "ఒక నెలకని మీ చేతిరాతే ఉంది నా దగ్గర," అని మురహరి సారు కాగితం తీశాడు. విద్యాధర్ గారు దాన్ని చదివి, జనాన్ని చూసి, జేబులో తాళంచెవి కోసం వెతుక్కున్నాడు.

గంగామణి నన్ను తీసుకొని అక్కడే బల్ల మీద కూర్చుంది. కొంగుతో దుమ్ము తుడిచింది. నలభయ్యో కవిగా నిలబడ్డ రోజు నుంచి ఆ ఏడాదంతా ఆమె ఏ సభలోనూ తన పేరు తాను చెప్పుకోలేదు, వేరేవాళ్ళు చెబితే తలొంచుకునేది. ఇప్పుడు తలెత్తి ఆ జనం మొహాలు చూసింది.

"గీ పాట ఆడెపు గంగామణిది. ఆమె సావలేదు. నేనే," అని చెప్పి, నా మీద దెబ్బ వేసి పాట అందుకుంది.